ఒకే పియానో, ఇరవై వేళ్లు

1757 ప్రాంతపు సంగతి. ఆస్ట్రియాలో ఫ్యూర్న్‌బర్గ్ అనే ప్రభువుకు ఒక ముచ్చట పుట్టింది. తన ఇంట అప్పుడప్పుడు కలిసే నలుగురూ వాయించుకోవడానికి వీలుగా ఏదైనా రాసిపెట్టమని ఒక పాతికేళ్ల కుర్రాణ్ణి అడిగాడు. ఆ నలుగురిలో ఒకరు ఊరి చర్చి ఫాదరు. ఒకరు ప్రభువు ఎస్టేటు వ్యవహారాలు చూసే ఉద్యోగి. మూడో ఆయన చెల్లో వాయిస్తాడు. నాలుగో మనిషి ఆ కుర్రాడే, పేరు యోజెఫ్ హైడన్. రెండు వయొలిన్లు, ఒక వయోలా, ఒక చెల్లో కలిసిన ‘స్ట్రింగ్ క్వార్టెట్’లు హైడన్ రాయడం అలా మొదలైందని ఆయన జీవితకథ రాసిన గ్రీసింగర్ చెప్పాడు. హైడన్ రాసినవన్నీ కలిపితే 68 అని నేటి లెక్క.

ఈ జట్టు కూర్పు సోలాపూర్‌లో కుంఠా నాకా వాళ్లకు చెబితే ఏమంత ఆశ్చర్యపోరు. తెలంగాణ నుంచి తరాల కింద వలస వచ్చిన పద్మశాలీలు చాదర్లు, టవళ్లు నేసి బతికే ఈ నగరంలో భజన మండలి అంటే ఇంచుమించు ఇలాంటిదే. మరమగ్గాల కార్ఖానాలో షిఫ్టు దిగి వచ్చినాయన ఒకరు, కిరాణా కొట్టు మూసి వచ్చినాయన ఒకరు, రిటైరైన బడిపంతులు మరొకరు. మధ్యలో హార్మోనియం పెట్టె, పక్కన మృదంగమో డోలక్కో, చేతుల్లో తాళాలు. ఒక తెలుగు భజన, దాని వెంట ఒక మరాఠీ అభంగం. టికెట్ ఉండదు, స్టేజీ ఉండదు. వినేవాళ్లలో సగం మంది పాడేవాళ్లే.

కొద్దిమంది, చిన్న గది, ఒకరికొకరు ఎదురుగా కూర్చుని వాయించుకోవడం. పాశ్చాత్య సంగీతంలో దీన్నే ఛేంబర్ మ్యూజిక్ అంటారు. ఇద్దరి నుంచి ఎనిమిది తొమ్మిది మంది దాకా ఉండొచ్చు. ఆర్కెస్ట్రాలో ఒకే వరసను పది పదిహేను వయొలిన్లు కలిసి వాయిస్తాయి, ఒకరు తప్పినా గుంపులో కలిసిపోతుంది. ఇక్కడ ఒక్కో వరసకు ఒక్కరే దిక్కు. పైగా ముందు నిలబడి కర్ర ఊపే కండక్టర్ ఉండడు. ఎప్పుడు మొదలెట్టాలి, ఎక్కడ నెమ్మదించాలి, ఎవరు తగ్గి ఎవరిని వినిపించాలి అన్నవన్నీ వాయించేవాళ్లే తమలో తాము తేల్చుకోవాలి. అమెరికా, ఐరోపా విశ్వవిద్యాలయాల్లో సంగీతం చదివే పిల్లలకు ఇదొక పాఠ్యాంశం. సెమిస్టర్ చివర చిన్న హాల్లో వాళ్లంతా జట్లు జట్లుగా వచ్చి వాయిస్తారు. ఆ కార్యక్రమాల్లో ట్రియోలు, క్వార్టెట్ల నడుమ తరచు కనిపించేది పియానో డ్యుయెట్. అంటే ఒకే పియానో మీద ఇద్దరు, నాలుగు చేతులు.

చూడ్డానికి సరదాగా ఉంటుంది. చేయబోతే తెలుస్తుంది అసలు సంగతి.

ఒకే బల్ల మీదో, పక్కపక్కనే వేసిన రెండు స్టూళ్ల మీదో ఇద్దరూ కూర్చుంటారు. కుడివైపు కూర్చున్నవారి భాగాన్ని ప్రిమో అంటారు, ఎడమవైపువారిది సెకొండో. ప్రిమోకు పై స్థాయి, చాలాసార్లు పాట నడిచేది అక్కడే. సెకొండోకు కింది స్థాయి, నడకా ఆధారమూ దానివి. పుస్తకం తెరిస్తే ఎడమ పేజీలో సెకొండో, కుడి పేజీలో ప్రిమో అచ్చువేసి ఉంటాయి. ఎవరి పేజీ వారు చూసుకుంటారు. చిక్కంతా మధ్యలో ఉంది. ప్రిమో ఎడమచెయ్యీ సెకొండో కుడిచెయ్యీ ఒకే జాగాలో తిరుగుతాయి. ఒకరు నొక్కి వదిలిన మెట్టునే మరుక్షణంలో రెండోవారు నొక్కాల్సి వస్తుంది. మొదటివారు వేలు తీయడం లిప్తపాటు ఆలస్యమైతే రెండోవారికి స్వరం పలకదు. మోచేతులు తగులుతాయి. అందుకని మొదటి రిహార్సల్లో విద్యార్థులు సంగీతం కన్నా ముందు తేల్చుకునేది ఎక్కడ ఎవరి మణికట్టు పైన ఉండాలి, ఎవరిది కింద నుంచి దూరాలి అన్నది. గాజులు, వాచీలు తీసి పక్కన పెడతారు. పేజీ ఎవరు తిప్పాలో పెన్సిల్‌తో గుర్తు పెట్టుకుంటారు, ఎందుకంటే ఆ క్షణానికి ఎవరో ఒకరి చెయ్యి ఖాళీగా ఉండాలి కదా.

ఇక పెడల్. పియానో కింద కుడివైపున ఉన్న పెడల్ తొక్కితే మెట్టు వదిలేసినా స్వరం మోగుతూనే ఉంటుంది. రెండు స్వరాలు కలగాపులగం కాకుండా సరైన సమయానికి పాదం ఎత్తి మళ్లీ తొక్కాలి. డ్యుయెట్‌లో ఈ పని ఎక్కువగా సెకొండోది. పాట నడిపేది ప్రిమో వేళ్లు, దాన్ని శుభ్రంగా ఉంచాల్సింది సెకొండో పాదం. తన వేళ్లను బట్టి తొక్కే అలవాటు మానుకుని, పక్కవారి వేళ్లు విని తొక్కాలి. ఒంటరిగా వాయించడంలో ఎంతో ముందున్న విద్యార్థులు కూడా ఇక్కడ తడబడతారు.

1765లో లండన్‌లో ఒక తండ్రి తన ఇద్దరు పిల్లల ప్రదర్శనకు పత్రికలో ప్రకటన ఇచ్చాడు. పిల్లలిద్దరూ ఒకే హార్ప్సికార్డ్ మీద నాలుగు చేతులతో వాయిస్తారని, పైగా మెట్లు కనబడకుండా రుమాలు కప్పి వాయిస్తారని అందులో ఉంది. జనాన్ని రప్పించడానికి ఏం చెప్పాలో ఆ తండ్రికి బాగా తెలుసు. ఆయన లియోపోల్డ్ మోట్సార్ట్. పిల్లలు నానెర్ల్, వోల్ఫ్‌గాంగ్. అప్పటికి తమ్ముడికి తొమ్మిదేళ్లు, అక్కకు పదమూడు. 1780 ప్రాంతంలో గీసిన వాళ్ల కుటుంబ చిత్రంలో అక్కాతమ్ముళ్లు ఒకే పియానో ముందున్నారు, ఒకరి చెయ్యి మీదుగా మరొకరి చెయ్యి పోతూ ఉంటుంది. ఇలాంటి డ్యుయెట్లను తొలిసారి అచ్చు పుస్తకంగా 1777లో లండన్‌లో తెచ్చినవాడు చార్లెస్ బర్నీ. ఆ తర్వాత మోట్సార్ట్ పెద్దవాడై ఈ ప్రక్రియకు రాసిన సొనాటాలు ఇప్పటికీ విశ్వవిద్యాలయాల్లో పిల్లలు ముందుగా చేతికి తీసుకునేవి.

తోబుట్టువులతో మొదలవడం కాకతాళీయం కాదు. తెలుగువారికి ఇది బాగా తెలిసిన సంగతే. డి.శేషాచారి, డి.రాఘవాచారి సోదరులను హైదరాబాద్ బ్రదర్స్ అన్నాం. విజయవాడ నుంచి మల్లాది సోదరులు వచ్చారు. ప్రియా సిస్టర్స్ ఉన్నారు. కర్ణాటక సంగీతంలో జంటగా పేరు తెచ్చుకున్నవాళ్లలో ఎక్కువమంది ఒకే ఇంటి బిడ్డలు. ఒకే గురువు, ఒకే సాధన గది, ఒకే సమయానికి ఊపిరి తీసుకునే అలవాటు. చెల్లెలు ఎక్కడ ఆగుతుందో అక్కకు అడగకుండానే తెలుస్తుంది. విశ్వవిద్యాలయం చేసే పని మరో రకం. ఇద్దరు అపరిచితుల్ని, వేర్వేరు ఊళ్ల నుంచి, వేర్వేరు గురువుల దగ్గర నుంచి వచ్చినవాళ్లను ఒక బల్ల మీద కూర్చోబెట్టి, ఇంట్లో పదేళ్లు పట్టే చనువును పదిహేను వారాల్లో తెచ్చుకోమంటుంది. కష్టమే. కానీ అన్నదమ్ములు లేనివాడికి ఇంకో దారేదీ?

ఈ ప్రక్రియకు శిఖరం ఏదంటే చాలామంది షూబర్ట్ ఎఫ్ మైనర్ ఫాంటసీ పేరే చెబుతారు. 1828లో రాశాడు. అదే ఏడాది నవంబర్ 19న, 31 ఏళ్లకే పోయాడు. తాను పియానో నేర్పిన కరోలినా ఎస్టర్‌హాజీ అనే ప్రభు కుటుంబపు యువతికి దాన్ని అంకితమిచ్చాడు. ఆమె మీద ఆయనకు తీరని ప్రేమ ఉండేదని స్నేహితులు చెప్పుకునేవారు. అదే సంవత్సరం మే నెలలో షూబర్ట్, ఆయన మిత్రుడు లాక్నర్ కలిసి ఒక స్నేహితుడి ముందు వాయించారు. ఇరవై నిమిషాలకు కాస్త తక్కువ పట్టే రచన అది. సెకొండో అడుగున మెల్లగా కదులుతూ దారి వేస్తుంది. దాని మీద ప్రిమో ఒక సన్నని పాట ఎత్తుకుంటుంది, తడబడి అడుగు వేసినట్టుండే లయతో. మధ్యలో ఎన్నో మలుపులు, చివర్లో వరసలు ఒకదాన్నొకటి తరిమే ఫ్యూగ్, ఆ తర్వాత మళ్లీ అదే పాట. విద్యార్థులకు దీంట్లో కష్టమైన చోటు వేగంగా పోయే ఫ్యూగ్ అనుకుంటాం. నేర్పేవాళ్లను అడిగితే మొదటి నాలుగు వరసలంటారు. అంత మెల్లగా, అంత తక్కువ స్వరాలతో ఇద్దరూ ఒక్కలా మొదలుపెట్టాల్సిన చోట తప్పు దాచుకునే వీలుండదు.

పంతొమ్మిదో శతాబ్దపు ఐరోపాలో ఈ డ్యుయెట్‌కు మరో ఉపయోగమూ ఉండేది. పెళ్లికాని అమ్మాయి పక్కన ఒక యువకుడు అంత దగ్గరగా కూర్చోవడానికి పెద్దలు ఒప్పుకునే సందర్భాలు అరుదు. పియానో ముందు మాత్రం అభ్యంతరం ఉండేది కాదు. మన పాత తెలుగు సినిమాల్లో మేడలో పెద్ద పియానో, దాని ముందు సూటు వేసుకున్న కథానాయకుడు, మెట్ల మీద నాయిక. అతనెప్పుడూ ఒక్కడే వాయించేవాడు. ఆమెను పక్కన కూర్చోబెట్టి ఉంటే కథ మూడు రీళ్ల ముందే తేలిపోయేదేమో.

అసలు ఇంతమంది ఈ ప్రక్రియలో ఎందుకు రాశారు? డబ్బు ఉంది కనుక. రేడియో లేదు, రికార్డు లేదు. బీతోవెన్ సింఫనీ వినాలంటే ఆర్కెస్ట్రా ఉన్న నగరానికి పోవాలి. కానీ నాలుగు చేతులకు దాన్ని కుదించి అచ్చువేసిన పుస్తకం కొంటే ఇంట్లోనే వాయించుకోవచ్చు. ఆ కాలంలో చాలామంది సింఫనీలను మొదట తెలుసుకున్నది ఇలాగే. బ్రామ్స్ హంగేరియన్ నాట్యాలు 1869లో నాలుగు చేతుల పుస్తకంగానే వచ్చి తెగ అమ్ముడుపోయాయి. అది చూసిన ప్రచురణకర్తే చెక్ స్వరకర్త ద్వోర్జాక్ చేత 1878లో స్లావోనిక్ నాట్యాలు రాయించాడు, ఆయన పేరు ఐరోపా అంతా పాకింది. సరిగ్గా దానికి ముందటి ఏడాది, 1877లో, ఎడిసన్ ఫోనోగ్రాఫ్ తయారుచేశాడు. సోలాపూర్‌లో మొదటి బట్టల మిల్లు పుట్టిందీ అదే ఏడు. మిల్లు వచ్చాక చేమగ్గం ఏమైందో ఈ నగరానికి వేరే చెప్పాలా? రికార్డు వచ్చాక ఇంటి సంగీతానికీ అదే జరిగింది. ఒక్క తరంలో కాదు, మెల్లగా. వాయించుకునేవాళ్లు వినేవాళ్లుగా మారారు. పియానో కొన్ని ఇళ్లలో ఫొటోలు పెట్టుకునే బల్లయింది.

ఇళ్లలో ఎండిపోయిన ఈ అలవాటుకు విశ్వవిద్యాలయాలు నీడ ఇచ్చాయి. అందులో చరిత్ర తోసుకొచ్చిన ఘట్టాలూ ఉన్నాయి. బెల్జియంకు చెందిన ప్రో ఆర్తే క్వార్టెట్ 1940 మే నెలలో అమెరికాలో, విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో కచేరీలు చేస్తోంది. మే 10న హిట్లర్ సేనలు బెల్జియంలో చొరబడ్డాయి. తిరిగి వెళ్లడానికి ఇల్లు లేదు. విశ్వవిద్యాలయం వాళ్లను అక్కడే ఉండి వాయించమంది, నేర్పమంది. ఒక క్వార్టెట్‌ను ఇలా విశ్వవిద్యాలయం తన సొంత జట్టుగా పెట్టుకోవడం అమెరికాలో అదే మొదలు. మనుషులు మారుతూ వచ్చినా ఆ జట్టు ఇంకా అక్కడే ఉంది. 1946లో న్యూయార్క్ జూలియార్డ్ బడి తన అధ్యాపకులతో సొంత క్వార్టెట్ పెట్టుకుంది. తర్వాత ఇది ఆనవాయితీ అయింది.

ఈ చదువు ఎలా సాగుతుందో చూస్తే మన గురుకులానికీ దానికీ తేడా కనబడుతుంది. సెమిస్టర్ మొదట్లో జట్లు వేస్తారు. వారానికి ఒకసారి అధ్యాపకుడు వచ్చి వింటాడు. ఆయన పనిని కోచింగ్ అంటారు. మిగతా రోజులు పిల్లలే సమయం కుదుర్చుకుని సాధన చేసుకోవాలి. గొడవలన్నీ ఆ రోజుల్లోనే. వేగం ఎక్కువైందని ఒకరు, నీ శబ్దంలో నేను వినపడట్లేదని ఇంకొకరు. ‘నువ్వు సరిగా లేవు’ అనడానికీ ‘ఈ చోట ఇద్దరం కలవట్లేదు, మళ్లీ చూద్దామా’ అనడానికీ మధ్య ఉన్న దూరం ఆ పద్దెనిమిదేళ్లవాళ్లు అక్కడే నేర్చుకుంటారు. డ్యుయెట్ జట్లకు కోచ్‌లు తరచు ఇచ్చే అభ్యాసం ఒకటుంది. భాగాలు మార్చుకోండి, నువ్వు ప్రిమో, నువ్వు సెకొండో అంటారు. అరగంట తర్వాత ఎవరి చోటికి వాళ్లు వచ్చాక వాయింపు మారిపోయి ఉంటుంది. రెండోవారి కష్టం ఎక్కడుందో వేళ్లకు తెలిసిపోయింది కనుక. మొదలుపెట్టే సంజ్ఞ కూడా సాధన చేయాల్సిందే. చెయ్యి ఊపరు, తల ఆడించడం కూడా తక్కువే. ముక్కుతో పీల్చే ఒక చిన్న ఊపిరి, అంతే. అది రాబోయే వేగంలోనే ఉండాలి. గాభరాగా పీలిస్తే పాట గాభరాగా మొదలవుతుంది.

మన దేశంలో ఈ సంగీతం కథ బొంబాయి మీదుగా నడుస్తుంది. సోలాపూర్ వాళ్లకు రైలెక్కితే చేరే ఊరే. 1934లో ప్రాగ్ నుంచి వాల్టర్ కౌఫ్‌మన్ అనే యూదు సంగీతకారుడు నాజీల నీడ తప్పించుకుని బొంబాయి వచ్చాడు. మొదట్లో ఇక్కడి సంగీతం ఆయనకు ఒక్క ముక్క అర్థం కాలేదు. అర్థం అయ్యేదాకా వదలకూడదనుకున్నాడు. వచ్చిన కొద్ది నెలల్లోనే బొంబాయి ఛేంబర్ మ్యూజిక్ సొసైటీ పెట్టాడు. వాళ్లు విల్లింగ్డన్ జింఖానాలో గురువారం గురువారం వాయించేవారు. ఆయనతో కలిసి వయొలిన్ వాయించినవారిలో మెహ్లీ మెహతా ఒకరు, ప్రఖ్యాత కండక్టర్ జుబిన్ మెహతా తండ్రి. తర్వాత కౌఫ్‌మన్ ఆకాశవాణిలో పాశ్చాత్య సంగీత విభాగం చూశాడు. తెల్లవారుజామున రేడియో పెట్టగానే వార్తలకు ముందు వచ్చే ఆ సిగ్నేచర్ ట్యూన్ ఆయన కట్టిందే అంటారు. ఇంటింటా మోగిన ఆ తంబురా, వయొలిన్ వెనక ఒక శరణార్థి ఉన్నాడని మనలో ఎందరికి తెలుసు? 1957 నుంచి ఆయన అమెరికాలో ఇండియానా విశ్వవిద్యాలయంలో ఆచార్యుడు. మెహ్లీ మెహతా కూడా అటే వెళ్లి 1964 నుంచి లాస్ ఏంజెలెస్‌లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం విద్యార్థుల ఆర్కెస్ట్రాను నడిపాడు. ఇక్కడ గదిలో మొదలైంది అక్కడ తరగతిగదికి చేరింది.

దక్షిణాదిలో ఇలాంటి చదువుకు ఇప్పుడు బాగా తెలిసిన చిరునామా చెన్నైలో ఏ.ఆర్.రెహమాన్ 2008లో పెట్టిన కె.ఎం.మ్యూజిక్ కన్సర్వేటరీ. పియానో, వయొలిన్, గాత్రం నేర్చుకునే పిల్లలు అక్కడ జట్లుగానూ వాయిస్తారు. తెలుగు రాష్ట్రాల విశ్వవిద్యాలయ సంగీత శాఖల్లో మాత్రం పెద్దపీట కర్ణాటక సంగీతానిదే, అలా ఉండటమే సహజం. అయితే అక్కడ జట్టు వాయింపు లేదా అంటే, ఉంది. కచేరీయే ఒక జట్టు. గాత్రం, వయొలిన్, మృదంగం, ఎదురుగా కూర్చున్న కొద్దిమంది. కానీ ఆ జట్టులో ఒకరు ప్రధానం, మిగతావి పక్కవాద్యాలు. గాయకుడు ఆలాపన చేస్తే వయొలిన్ క్షణం వెనకగా నీడలా వెంట నడుస్తుంది. అది గొప్ప విద్య, పాశ్చాత్యులకు చేతకానిది. క్వార్టెట్‌లో అవసరమయ్యేది వేరే విద్య. ఈ క్షణం నువ్వు ముందు, మరుక్షణం నేను. ఏ ఒక్కరూ మొదటి నుంచి చివరిదాకా పెద్ద కాదు.

పక్కన ఉండే వయొలిన్‌ను ముందుకు తెచ్చిన ఘనత తెలుగు నేలకు ఉంది. 1919లో విజయనగరం రాజా విజయరామ గజపతి సంగీత కళాశాల పెట్టాడు. కొలువులోని ఒక ఉద్యోగి కుమారుడు, చూపులేని చాగంటి గంగరాజు సంగీతం నేర్చుకోవడం కోసమే అది పుట్టిందని చెప్పుకుంటారు. ఆదిభట్ల నారాయణదాసు తొలి ప్రిన్సిపాల్. ద్వారం వెంకటస్వామి నాయుడు అక్కడ విద్యార్థిగా చేరాలని వెళితే ఆయన వాయింపు విని అధ్యాపకుడిగానే తీసుకున్నారన్న కథ ఆ ఊళ్లో అందరికీ తెలుసు. 1936లో ఆయనే ప్రిన్సిపాల్ అయ్యారు. 1938లో వెల్లూరులో ఒక్క వయొలిన్‌తోనే నిండు కచేరీ చేశారు. యూరప్ వాద్యకారుల కమాను పట్టునూ నాదాన్నీ శ్రద్ధగా గమనించి తనకు కావలసింది తీసుకున్నారు. ఆ వాద్యమే అటు నుంచి వచ్చింది కదా, ముత్తుస్వామి దీక్షితర్ తమ్ముడు బాలుస్వామి మద్రాసులో ఒక యూరోపియన్ దగ్గర నేర్చుకుని మనకు తెచ్చిపెట్టాడు. 1952లో పాశ్చాత్య వయొలిన్ విద్వాంసుడు యెహూదీ మెనూహిన్ మద్రాసు వచ్చినప్పుడు ద్వారం వారి వయొలిన్ విన్నది ఏ సభా మందిరంలోనో కాదు, జస్టిస్ పి.వి.రాజమన్నార్ ఇంట్లో. ఛేంబర్ మ్యూజిక్‌కు అంతకంటే తగిన చోటు ఉండదు. అదే విజయనగరం కళాశాల గడప తొక్కినవాళ్లలో ఘంటసాల ఒకరు. పట్రాయని సీతారామశాస్త్రి గారు ఇంట పెట్టుకుని పాఠం చెప్పారు. మధూకరం చేసుకుని తిన్న రోజులూ ఉన్నాయి.

మరి సోలాపూర్ పిల్లల సంగతి. ఈ నగరానికి సొంత విశ్వవిద్యాలయం 2004లో వచ్చింది, ఒక్క జిల్లా కోసమే. 2019లో దానికి పుణ్యశ్లోక్ అహిల్యాదేవి హోళ్కర్ పేరు పెట్టారు. కుచన్, బుర్లా లాంటి తెలుగు ఇంటిపేర్లు బడులకూ కాలేజీలకూ ఉన్న ఊరిది. ఇక్కడ విద్యార్థి సంగీతానికి పెద్ద పండుగ ఏటేటా జరిగే యువ మహోత్సవం. అందులో గెలిచినవాళ్లు రాష్ట్ర విశ్వవిద్యాలయాల ‘ఇంద్రధనుష్య’కు వెళతారు. పోటీల పట్టిక చూడండి. శాస్త్రీయ గాత్రం ఒక్కరు, వాద్యం ఒక్కరు, సుగమ సంగీతం ఒక్కరు. పాశ్చాత్య గాత్రం కూడా ఉంది. ఆ పైన సమూహ గానం, జానపద ఆర్కెస్ట్రా. ఒక్కరు, లేకపోతే గుంపు. ఇద్దరో ముగ్గురో సమానంగా కూర్చుని వాయించే అంశం ఆ నడుమ దొరకదు. ఇది సోలాపూర్ ఒక్కదాని లోపం కాదు, దేశమంతా ఆ మహోత్సవాల అచ్చు ఒకటే. న్యాయనిర్ణేతలకూ ఒక్కరికి మార్కులు వేయడం తేలిక, గుంపుకు చప్పట్లు కొట్టడం తేలిక. ఇద్దరి మధ్య ఏం జరుగుతోందో వినడానికి ఓపిక కావాలి.

మరమగ్గాల చప్పుడులోనే తాళం ఉందని, నేతవాడ పిల్లలకు లయ పుట్టుకతో వస్తుందని రాయడం కొందరికి సరదా. ఒక గంట ఆ కార్ఖానాలో నిలబడ్డవాళ్లు అలా రాయరు. అక్కడ పక్కమనిషితో సైగలతో మాట్లాడాలి, ఏళ్లు గడిస్తే చెవులు మందగిస్తాయి. ఈ వాడలో సంగీతం మగ్గం వల్ల రాలేదు. మగ్గం ఆగాక మనుషులు కష్టపడి మిగుల్చుకున్న సాయంత్రాల వల్ల వచ్చింది.

ఆ సాయంత్రాల్లో డ్యుయెట్ వాయించాలంటే పియానో కావాలి. పియానో అనగానే వచ్చే మొదటి ప్రశ్న ఖర్చు. అసలు పియానో లక్షల్లో మాట. 88 మెట్లు, సుమారు 230 తీగలు, అన్నీ కలిసి ఇనుప చట్రం మీద వేసే బిగువు ఇరవై టన్నుల దాకా ఉంటుంది. సోలాపూర్ ఎండలకు కర్ర కుదించుకుపోతుంది, వానాకాలంలో ఉబ్బుతుంది, శ్రుతి చేసే మనిషిని ఊరవతల నుంచి పిలిపించాలి. కాబట్టి అది కుదరని పనే అనుకుందాం. కానీ మెట్ల వాద్యం ఈ ఊరికి కొత్త కాదు. పేటి అని పిలిచే హార్మోనియం కూడా పారిస్‌లో పుట్టి, కలకత్తాలో చేతి తిత్తి తగిలించుకుని మన ఇళ్లకు వచ్చిందే. గమకాలు పలకవన్న కారణంతో 1940లో ఆకాశవాణి దాన్ని వెలివేసింది, మూడు దశాబ్దాల దాకా గేటు లోపలికి రానివ్వలేదు. భజన మండళ్లు ఆ వెలిని పట్టించుకోలేదు. ఆ పేటి మీద వేళ్లు తిప్పిన పిల్లలు ఇప్పుడు ఎలక్ట్రానిక్ కీబోర్డు మీద సినిమా పాటలు వాయిస్తున్నారు. కంపెనీ ఏదైనా ‘కాసియో’ అనే అంటారు.

ఆ కీబోర్డుల్లో ఎక్కువగా అమ్ముడయ్యేది 61 మెట్లది. ఐదు స్థాయిలు. ఇంతమాత్రం దానిమీద ఇద్దరేం వాయిస్తారని ఎవరైనా చప్పరిస్తే చెప్పాల్సిన సంగతి ఒకటుంది. మోట్సార్ట్ కాలపు పియానోకు ఉన్నవీ ఐదు స్థాయిలే, మెట్లు 61. మొదలయ్యే చోటు వేరు గనుక ఇప్పటి కీబోర్డులో అడుగున ఏడు స్వరాలు అందవు. వాటిని ఒక స్థాయి పైకి తెచ్చుకుంటే చాలా చోట్ల పని జరిగిపోతుంది. మొదలుపెట్టడానికి మోట్సార్ట్ దాకా కూడా పోనక్కర్లేదు. వియన్నాలో ప్రచురణకర్తగా ఉన్న డయబెల్లి 28 చిన్న డ్యుయెట్లు రాశాడు. వాటిలో ప్రిమో చేతులు ఐదు స్వరాల మీద పెట్టి కదపకుండా వాయించవచ్చు, కష్టమంతా సెకొండో మీద, అంటే మాస్టారి మీద పెట్టాడు. స్ట్రావిన్‌స్కీ 1915లో దీన్నే తిరగేసి, సెకొండోకు అతి తేలికైన వరస ఇచ్చి మూడు ముక్కలు రాశాడు, ఆరితేరినవాడు కుడివైపు కూర్చుంటాడన్నమాట. రెండేళ్లకు మరో ఐదు రాసి ఈసారి తేలిక భాగాన్ని కుడివైపుకు మార్చాడు. 1910లో పారిస్‌లో రావెల్ ‘మా మేర్ ల్వా’ మొదటిసారి వినిపించినప్పుడు వేదిక మీద ఉన్నది ఇద్దరు బాలికలు. రావెల్ దాన్ని రాసింది స్నేహితుడి పిల్లల కోసం. వాళ్లకు సభాకంపం ఉండటంతో ఈ ఇద్దరూ వచ్చి వాయించారు. డయబెల్లి, మోట్సార్ట్, షూబర్ట్ రచనలకు కాపీరైటు కాలం ఎప్పుడో తీరిపోయింది. స్వరలిపి పుస్తకాలు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి, ఎడమ పేజీ, కుడి పేజీ రెండూ జెరాక్సు తీయించుకుంటే సరి.